పతకం అంచున ఒక పేరు

పాత వెండి కొనే కొట్టులోకి రకరకాల సామాను వస్తుంది. సొట్టపడిన కుంకుమభరిణ, కాడ విరిగిన ఉగ్గుగిన్నె, జత తప్పిన పట్టీ, ఎవరి చిన్ననాటిదో మొలతాడు. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక గుండ్రని బిళ్ళ కూడా వస్తూవుంటుంది. పాతకాలపు వెండి రూపాయి కంటె కొంచెం పెద్దది. ఒక వైపున రాజుగారి తల, రెండో వైపున గుర్రం మీద మనిషి. పైన చిన్న కమ్మీ, దానికి రంగు వెలిసిన రిబ్బను ముక్క. కొట్టాయన రిబ్బను పీకి పక్కన పడేసి, బిళ్ళను తక్కెడలో వేస్తాడు. ఇంత తూకం, ఇంత ధర. తెచ్చినవారు డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి పోతారు. బిళ్ళ మూసలోకి పోతుంది.

అదే బిళ్ళ పతకాల సంగతి తెలిసిన మనిషి చేతిలో పడిందనుకోండి. ఆయన ముందుగా రాజుగారి తల చూడడు, గుర్రాన్నీ చూడడు. బిళ్ళను నిలువుగా పట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, వెలుతురు కెదురుగా దాని అంచు తిప్పి చూస్తాడు. గోరు వెడల్పు కూడా లేని ఆ అంచు మీద చిన్న చిన్న అక్షరాలుంటాయి. ఒక నంబరు, ఒక హోదా, ఒక పేరు, ఒక పటాలం. ఆయనకు కావలసినది అదీ!

తపాలా బిళ్ళలు సేకరించేవారిని మనం ఎరుగుదుం. నాణేలు కూడబెట్టేవారినీ ఎరుగుదుం. సైనిక పతకాలు, టోపీ బాడ్జీలు సేకరించేవారు మన దేశంలో తక్కువే గాని, ఇంగ్లండులో వీరి సంఖ్య చాలా పెద్దది. 1942లోనే అక్కడ వీరంతా కలిసి పతకాల పరిశోధక సంఘం ఒకటి స్థాపించుకున్నారు. ఈ సరదాకూ మిగతా సరదాలకూ ఒక ముఖ్యమైన తేడా వున్నది. ఒకే రకం తపాలా బిళ్ళలు వెయ్యి వుంటే ఆ వెయ్యీ ఒకటే. కాని పేరు చెక్కిన పతకాలు వెయ్యి వుంటే అవి వెయ్యిమంది మనుషులు. సేకరించేవాడికి అసలు పని పతకం కొన్న తరువాతనే మొదలవుతుంది. ఆ మనిషి ఎవరు? ఎక్కడ పోరాడాడు? తిరిగి వచ్చాడా?

పేరు లేని రోజులు

పూర్వం మన రాజులు మెచ్చితే మాన్యాలిచ్చేవారు, చేతికి కడియాలు తొడిగేవారు, పల్లకీ మర్యాద చేసేవారు. అయితే అవన్నీ దొరలకూ దళవాయిలకూ! వరసలో నిలబడి తుపాకీ పేల్చినవాడికి జీతం అందితే అదే పదివేలు. యుద్ధంలో పాల్గొన్న మామూలు సిపాయిలకు కూడా పతకాలు పంచే పద్ధతిని మన దేశంలో తొలిరోజుల్లో ఆచరణలో పెట్టినది ఈస్టిండియా కంపెనీ. 1778-84 మధ్య పడమటి దేశంలోను, దక్షిణాదిలోను పోరాడిన తన బెంగాలు సిపాయిలకు కంపెనీ దక్కను పతకం ఇచ్చింది. దాని మీద పారసీ అక్షరాలుంటాయి. సిపాయిలు దానిని తాడుతో మెడలో వేసుకునేవారు.

తరువాత చెప్పుకోదగినది శ్రీరంగపట్నం పతకం. 1799 మే 4న కోట పడింది. టిప్పు సుల్తాను చనిపోయాడు. ఆ విజయానికి గుర్తుగా ఇంగ్లండులో బర్మింగుహాము దగ్గర వున్న మాథ్యూ బోల్టన్ టంకశాలలో పతకాలు పోయించారు. ఒక వైపున సింహం పులిని కింద పడవేసి అణచుతూ వుంటుంది. సింహం ఇంగ్లీషువాడని, పులి టిప్పు అని వేరే చెప్పనక్కరలేదు. రెండో వైపున కోట గోడ పగిలిన చోట సైన్యం ఎగబాకుతున్న దృశ్యం. చాలా అందమైన పనితనం.

ఆ అందం అందరికీ ఒకటే గాని లోహం మాత్రం ఒకటి కాదు. పెద్ద సేనానులకు బంగారం, ఆ కింది దొరలకు బంగారు నీరు పోసిన వెండి, కాప్టెన్లకు, చిన్న అధికారులకు వెండి, ఆ తరువాతి వారికి కంచు. సాదా సిపాయికి తగరం! తగరపు పతకాలు సుమారు 45,000 పోశారు. మన పెళ్ళిళ్ళలో వియ్యంకుడికి పట్టుబట్టలు, బంట్రోతుకు తువ్వాలు పెట్టినట్లే వున్నది కదూ?

ఈ సిపాయిలలో తెలుగువారు లేకపోలేదు. కంపెనీవారి మద్రాసు సైన్యంలో మన జిల్లాలవారు మొదటినుంచీ వున్నారు. ఉత్తరాదిన కంపెనీ సిపాయి అనేవాడికే ‘తిలంగా’ అన్న పేరు స్థిరపడిపోయింది. 1857 నాటికి ఢిల్లీ వీధుల్లో, ఏ ప్రాంతం సిపాయి కనబడినా ‘తిలంగాలు వచ్చారు’ అనేవారు. జాతి పేరే వృత్తి పేరుగా మారిందన్నమాట. కాని శ్రీరంగపట్నం పతకం అంచు తిప్పి చూస్తే ఏమీ వుండదు. ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం లేదు. తగరం మెత్తని లోహం. మెడలో ఆడి ఆడి, చెమటకు నల్లబడి, సింహమూ పులీ కూడా అరిగిపోతాయి. ఇప్పుడు దొరికే తగరపు పతకాన్ని చేతిలో పెట్టుకుని, ఎవరో ఒక సిపాయి దీనిని వేసుకున్నాడు అనుకోగలం గాని, అంతకు మించి ఒక్క అడుగు వేయలేం.

అంచు మీదికి పేరు

పేరు అంచు మీదికి రావడానికి మరొక యుద్ధం జరగవలసి వచ్చింది. 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ ఓడిపోయాడు. మరుసటి సంవత్సరం బ్రిటిష్ ప్రభుత్వం ఆ యుద్ధంలో నిలబడినవారందరికీ పతకం ఇచ్చింది. సేనానికీ వెండే, డప్పు కొట్టే కుర్రవాడికీ వెండే. ప్రతి పతకం అంచు మీదా యంత్రంతో పేరు, హోదా, దళం అచ్చు గుద్దారు. చనిపోయినవారి పతకాలు వారి కుటుంబాలకు అందజేశారు. సుమారు 39,000 పతకాలు ఇట్లా తయారయినాయి. ఈనాటికి కూడా పతకాల పరిశోధకులు ఒక మజిలీగా చెప్పుకునే సంవత్సరం అది.

కంపెనీ సిపాయి వంతు ఎప్పుడు వచ్చింది? చాలా ఆలస్యంగా వచ్చింది. 1803 నుంచి 1826 వరకు మన దేశంలోను, బర్మాలోను జరిగిన యుద్ధాలకు కలిపి ఒక పతకం ఇస్తామని 1851లో ప్రకటించారు. దాని పేరు ఆర్మీ ఆఫ్ ఇండియా పతకం. ఏ యుద్ధంలో పాల్గొంటే ఆ యుద్ధం పేరు గల చిన్న వెండి పట్టీని రిబ్బను మీద అడ్డంగా తగిలిస్తారు. అంచు మీద పేరు కూడా వుంటుంది. అంతా బాగానే వున్నది. కాని అది బతికివున్నవారికే ఇస్తారు.

లెక్క వేసి చూడండి. 1803లో ఇరవై ఏళ్ళ వయసున యుద్ధానికి వెళ్ళిన సిపాయికి 1851 నాటికి 68 ఏళ్ళు. మన పల్లెల్లో ఆ రోజుల్లో ఎంతమంది అంతకాలం బతికారు? బతికినవారిలో ఎందరికి ఈ ప్రకటన సంగతి తెలిసింది? అందుకే ఈ పతకాలలో తెల్లవారి పేర్లతో పోలిస్తే మన సిపాయిల పేర్లు బహు తక్కువ. కనబడితే సేకరించేవారు కళ్ళకద్దుకుంటారు.

మన ఇళ్ళలో వున్న పతకం

ఇంతకూ మొదట తక్కెడలో పడిన బిళ్ళ ఏమిటో చెప్పలేదు. అది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ యుద్ధ పతకం. 1914-18 యుద్ధానికి మన దేశం నుంచి సుమారు పదమూడు లక్షల మంది వెళ్ళారు. 74,000 మందికి పైగా తిరిగి రాలేదు. కనుక మన దేశంలో పాత పెట్టెల అడుగున దొరకడానికి ఎక్కువ అవకాశమున్న పతకం ఇదే.

దీనిని గుర్తుపట్టడం కష్టం కాదు. అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. బొమ్మవైపు అయిదవ జార్జి తల ఎడమవైపు తిరిగి వుంటుంది. వెనుక, దిగంబరంగా గుర్రమెక్కిన వీరుడు. గుర్రం కాళ్ళ కింద గద్ద గుర్తు గల డాలు, పుర్రె, ఎముకలు. పక్కల 1914, 1918 అన్న అంకెలు. రిబ్బను నడుమ నారింజ రంగు, దానికి అటూ ఇటూ తెలుపు, నలుపు, నీలం చారలు. సుమారు రెండున్నర తులాల మంచి వెండి. దీనికి జతగా కంచుతో చేసిన విజయ పతకం కూడా ఇచ్చేవారు. దాని మీద రెక్కల దేవత వుంటుంది. రిబ్బను ఇంద్రధనుస్సు రంగులది.

వెండి యుద్ధ పతకాలు అన్ని దేశాల వారికీ కలిపి సుమారు 65 లక్షలు ఇచ్చారు. ఇదే పతకం కంచులో కూడా వున్నది. అవి సుమారు 1,10,000 మాత్రమే. అవి ఎవరికి? తుపాకీ పట్టని వారికి. ఓడల్లో సామాను దించినవారికి, బాటలు వేసినవారికి, బరువులు మోసినవారికి. చైనా, మాల్టా, భారతదేశాల కూలిదళాల వారికి. చూశారా, శ్రీరంగపట్నం తరువాత నూరేళ్ళు దాటినా లోహంలో తేడా పూర్తిగా పోలేదు! అయితే ఈ కంచు పతకాన్ని వెండి కొట్టులో ఎవరూ కొనరు. ‘ఇది వెండి కాదండీ, ఉత్తదే’ అని తిరిగి ఇచ్చేస్తారు. అందువల్ల కొన్ని మిగిలాయి. వాటి అంచు మీద కూడా పేరున్నది మరి.

రాతి మీద అంకె, అంచు మీద పేరు

ఆ పేరుకు ఎంత విలువ వున్నదో తెలియాలంటే ఇరాక్ దేశం దాకా వెళ్ళిరావాలి. ఆ రోజుల్లో దానిని మెసొపొటేమియా అనేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులు ఎక్కువమంది పనిచేసినదీ, ఎక్కువమంది చనిపోయినదీ ఆ ఎడారిలోనే. తూటాలకు పోయినవారు కొందరు, ఎండకూ, కలరాకూ, ఆకలికీ పోయినవారు కొందరు. వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం, బాటలు వేయడం పనిగా గల మద్రాసు సాపర్లు కూడా అక్కడ వున్నారు.

అక్కడ సమాధి లేకుండా పోయినవారి జ్ఞాపకార్థం బస్రాలో ఒక స్మారకం కట్టి 1929లో ఆవిష్కరించారు. నలభై వేలకు పైగా మృతులకు అది స్మారకం. బ్రిటిష్ సైనికుల పేర్లు, అధికారుల పేర్లు రాతి మీద చెక్కారు. మన సాదా సిపాయిల పేర్లు చెక్కలేదు. ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకె వేసి వూరుకున్నారు. యుద్ధ సమాధుల సంఘం వారు ఈ సంగతిని తామే విచారణ చేయించి, చనిపోయిన వారందరినీ సమానంగా చూడలేదని ఒప్పుకుని, 2021లో క్షమాపణ చెప్పారు.

రాయి అంకె అన్నది. కాని అదే సిపాయి ఇంటికి ఒక చిన్న అట్టపెట్టెలో వచ్చిన పతకం అంచు మీద అతని పేరు అచ్చు గుద్ది వున్నది. ఆ కుటుంబం దగ్గర అతని పేరు లోహం మీద వున్న చోటు బహుశా అదొక్కటే. దానిని కరిగిస్తే కరిగేది రెండున్నర తులాల వెండి మాత్రమేనా?

చదవడం ఎట్లా?

అంచు చదవడానికి భూతద్దం, ఓపిక వుంటే చాలు. మొదట నంబరు వుంటుంది. తరువాత హోదా, రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలలో. ఎస్.ఇ.పి. అంటే సిపాయి. ఎన్.కె. అంటే నాయక్. హెచ్.ఎ.వి. అంటే హవల్దారు. జె.ఇ.ఎమ్. జమేదారు, ఎస్.యు.బి. సుబేదారు, ఎస్.పి.ఆర్. సాపర్. డి.వి.ఆర్. అని వుంటే డ్రైవరు. మోటారు నడిపేవాడనుకునేరు! ఆ యుద్ధంలో డ్రైవరంటే చాలాచోట్ల కంచరగాడిదలను తోలేవాడు.

తరువాత పేరు. ఇక్కడ మనకు కొంచెం చిక్కు వస్తుంది. మన పేర్లను ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రాసుకున్నాడు. అచ్చు గుద్దినవాడు ఆ రాత తనకు కనిపించినట్లు గుద్దాడు. వెంకటస్వామి ఎన్ని రకాలుగా మారగలడో మీరే వూహించుకోండి. ఇంటిపేరు సాధారణంగా వుండదు. ఒకే పటాలంలో ముగ్గురు వెంకటస్వాములుంటే ముగ్గురికీ అంచు మీద ఒకటే పేరు. అప్పుడు ఆదుకునేది నంబరు. అయితే ఆ నంబరు ఆ పటాలం వరకే చెల్లుతుంది; అదే నంబరు మరొక పటాలంలో మరొకరికి వుంటుంది. కనుక నంబరు, పేరు, పటాలం మూడూ కలిస్తేనే ఒక మనిషి.

పటాలం పేరు కాలాన్ని కూడా చెబుతుంది. మద్రాసు పటాలాలకు మొదట 1, 2, 3 అని సొంత అంకెలుండేవి. 1903లో సర్వసేనాని కిచెనర్ దేశంలోని పటాలాలన్నిటినీ ఒకే వరసలోకి తెచ్చినప్పుడు మద్రాసు పటాలాల అంకెలకు అరవై కలిపారు. 19వ మద్రాసు పదాతిదళం 79వ కర్నాటిక్ దళమయింది. 23వది 83వది అయింది. 1922లో మళ్ళీ అన్నిటినీ మార్చారు. అందువల్ల 79వ కర్నాటిక్ అన్న పేరు కనబడితే అది 1903కూ 1922కూ మధ్యదని వెంటనే చెప్పవచ్చు. ఈ ‘అరవై’ కిటుకు తెలియక తాతగారిదొక పటాలం, ముత్తాతగారిదొక పటాలం అనుకున్నవారు లేకపోలేదు. రెండూ ఒకటే!

ఆ మీదట కాగితాలు వెతకాలి. లండను శివార్లలో క్యూ అన్నచోట బ్రిటిష్ జాతీయ భాండాగారంలో పతకాల జాబితాలున్నాయి. కంపెనీ కాలపు దస్తావేజులు బ్రిటిష్ లైబ్రరీలో వున్నాయి. ఈ జాబితాలకు విలువ పెరగడానికి ఒక కారణం వున్నది. మొదటి యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల సర్వీసు కాగితాలను లండనులో ఒక గోదాములో వుంచారు. 1940 సెప్టెంబరులో జర్మన్ విమానాలు దాని మీద బాంబులు వేశాయి. సగానికి పైగా బూడిద అయినాయి. మిగిలినవాటిని ఈనాటికీ ‘కాలిన కాగితాలు’ అనే పిలుస్తారు. చాలామంది సైనికుల విషయంలో ఇక నమ్మదగిన ఆధారం, ఎవరికి ఏ పతకం ఇచ్చారో రాసిన జాబితా మాత్రమే అయింది.

చనిపోయినవారి పేర్లకు యుద్ధ సమాధుల సంఘం వారి పుస్తకాలున్నాయి. లాహోరు మ్యూజియంలో పంజాబు సైనికుల పట్టికలు, మూడు లక్షల మందికి పైగా పేర్లు గలవి, 97 సంవత్సరాలు ఎవరూ కదపకుండా పడివున్నాయి. 2021 నుంచి వాటిని అందరూ చూడగలిగేట్లు చేస్తున్నారు. ఏ వూరివాడు ఏ పటాలంలో చేరాడో వాటిలో ఊరివారీగా రాసివున్నది. మనవైపు కూడా వూళ్ళ జ్ఞాపకం గట్టిదే. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అనే అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండవదానికి వెయ్యికి పైగా తమ వూరినుంచి వెళ్ళారని అక్కడివారు చెప్పుకుంటారు.

టోపీ మీది ఏనుగు

పతకం ఒక మనిషిది. బాడ్జీ ఒక పటాలానిది. టోపీ మీద, భుజం మీద, బొత్తాముల మీద వుండే ఈ ఇత్తడి గుర్తులు పతకాల కంటె చౌకగా దొరుకుతాయి. అందుకని చాలామంది సేకరణ బాడ్జీలతోనే మొదలవుతుంది.

మన దక్షిణాదివారికి ప్రత్యేకంగా ఇష్టమైన బాడ్జీ ఒకటున్నది. మద్రాసు రెజిమెంటు బాడ్జీ మీద రెండు కత్తులు, డాలు, దాని నడుమ ఒక ఏనుగు కనబడతాయి. ఏనుగు ఎందుకు వచ్చింది? 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలో జాల్నా జిల్లాలోని అసాయె గ్రామం దగ్గర ఆర్థర్ వెల్లెస్లీ సేన మరాఠా సైన్యాలతో తలపడింది. తరువాతి కాలంలో వాటర్లూలో గెలిచిన వెల్లింగ్టన్ ప్రభువు ఈయనే. ఆ సేనలో మద్రాసు పటాలాలున్నాయి. గెలిచిన దళాలకు బహుమానంగా ‘అసాయె ఏనుగు’ను ధరించే హక్కు ఇచ్చారు. రెండు శతాబ్దాలు దాటాయి. కంపెనీ పోయింది, రాజులు పోయారు, ఏనుగు మాత్రం టోపీ దిగలేదు.

చిత్రం! మరొక సెప్టెంబరు 23న, 1918లో, పాలస్తీనాలోని హైఫా పట్టణాన్ని మన అశ్వికదళాలు పట్టుకున్నాయి. ఆ బ్రిగేడులో మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతోపాటు హైదరాబాదు లాన్సర్లు కూడా వున్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అనే కూడలిలో నిలబడివున్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే.

బాడ్జీ వయసు చెప్పే గుర్తు కిరీటం. పై కమానులు గుండ్రంగా గుమ్మటంలా లేస్తే అది 1901 తరువాత వచ్చిన రాజుల కాలపు కిరీటం. నడుమ లొంగి వుంటే 1953 తరువాతి రాణి కాలపుది. అది బ్రిటిష్ బాడ్జీ అయివుంటుంది. ఎందుకంటే మన దేశం 1950 జనవరి 26న గణతంత్రమయిన తరువాత మన బాడ్జీల మీద కిరీటం తీసివేసి అశోకుని సింహాలు పెట్టారు. ఇక రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లోహానికి కరువు వచ్చి ఇంగ్లండులో ప్లాస్టిక్ బాడ్జీలు కూడా చేశారు. ప్లాస్టిక్ కదా అని పారేయకండి, అది అసలుదే!

మోసాలు, ముచ్చట్లు

విలువ వున్నచోట మోసం వుంటుంది. మామూలు పతకం అంచు మీది పేరును ఆకురాయితో అరగదీసి, ప్రసిద్ధ యుద్ధంలో పోరాడినవాడి పేరు చెక్కుతారు. అరగదీస్తే పతకం కొలత కొంచెం తగ్గుతుంది. అందుకని అనుభవజ్ఞులు కొలిచే సాధనం జేబులో పెట్టుకుని తిరుగుతారు. అసలు పతకాన్ని మూసగా వాడి పోత పోస్తే, లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి నకలు చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారుతాయి. యంత్రంతో గుద్దవలసిన పేరు చేతితో చెక్కివుంటే అనుమానించాలి.

దొంగలు చేసే చెరుపు ఒకటయితే ప్రేమతో మనం చేసే చెరుపు మరొకటి. పండుగ వస్తున్నదంటే ఇత్తడికి చింతపండు, వెండికి విభూతి! దేవుడి సామానుతోపాటు తాతగారి పతకం కూడా తళతళలాడాలని మన ఆడవారి ముచ్చట. అది మంచిదే గాని, ఏటేటా తోమితే ముందుగా అరిగేది అంచు మీది అక్షరాలు. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నల్లదనం మురికి కాదు, వయసు. రిబ్బను చిరిగినా పారేయకూడదు. కొత్తది వేసుకుని పాతది పక్కన దాచాలి.

అన్నిటికంటె పెద్ద చెరుపు వెండి ధర చేసింది. 1980 జనవరిలో అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు వెండి అంతా కొని కూడబెట్టడంతో ఔన్సు ధర సుమారు 50 డాలర్లకు ఎగబాకింది. పతకంగా అమ్మితే వచ్చే డబ్బు కంటె కరిగిస్తే వచ్చేది ఎక్కువయింది. ఆ గాలిలో లెక్కలేనన్ని యుద్ధ పతకాలు ఇంగ్లండులో మూసలోకి పోయాయి. ఈనాటికీ కంచు విజయ పతకం ఒంటరిగా దొరుకుతుంది, దాని వెండి జంట కనబడదు. సేకరించేవారు దీనిని విరిగిన జత అంటారు. ఆ జత కలపడానికి, అదే పేరు గల రెండో పతకం ఎక్కడైనా మిగిలిందా అని ఏళ్ళ తరబడి వెతికేవారున్నారు. కొత్త పతకం దొరికిన సంతోషం కంటె విడిపోయిన రెంటిని కలిపిన సంతోషం పెద్దదని వారంటారు.

మన చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువును ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశాలకు పంపరాదు. మొదటి యుద్ధపు పతకాలకు ఇప్పుడు నూరేళ్ళు నిండాయి. కనుక ఎవరో విదేశం నుంచి మంచి ధర పలికారని సంచిలో పెట్టి పంపేయడం తగదు.

వజ్రాయుధం

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన పతకాలను మనమే తయారు చేసుకున్నాం. అన్నిటికంటె గొప్పదయిన పరమవీరచక్రను రూపొందించినది సావిత్రీ ఖానోల్కర్ అనే ఆమె. స్విట్జర్లాండులో పుట్టి, మన సైనికాధికారిని పెళ్ళాడి, మన పురాణాలను మనకంటె బాగా చదువుకున్న ఇల్లాలు. పతకం మీద నాలుగు వైపులా ఇంద్రుని వజ్రాయుధాన్ని వుంచింది. వజ్రాయుధం దేనితో చేశారో మన పిల్లలకు తెలుసు. వృత్రుణ్ణి చంపడానికి దేవతలు అడిగితే, దధీచి మహర్షి శరీరం వదిలి తన ఎముకలిచ్చాడు. 1950లో స్థాపించిన ఈ పతకాన్ని ఇంతవరకు 21 మందికే ఇచ్చారు. అది బంగారం కాదు, వెండి కాదు, కంచు!

మామూలు యుద్ధ పతకాలు మాత్రం లక్షలమంది అందుకున్నారు. 1965, 1971 యుద్ధాలకు వెళ్ళివచ్చినవారి ఇళ్ళలో అవి ఈనాటికీ వున్నాయి. వాటి అంచున కూడా నంబరు, హోదా, పేరు వుంటాయి. ఆ పేరు గల మనిషి ఇంకా మన మధ్యనే వుండవచ్చు కూడా. అటువంటప్పుడు భాండాగారాలకు పోనక్కరలేదు. సాయంత్రం పూట పక్కన కూర్చుని అడిగితే చాలు.

పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా పాత పెట్టె అడుగున ఇట్లాటి బిళ్ళ వుంటే ఒక చిన్న పని చేయండి. తోమకండి, తూచకండి. వెలుతురులోకి తెచ్చి అంచు చదవండి. చదివినది చదివినట్లు, నంబరుతో సహా, ఒక కాగితం మీద రాయండి. ఆయన మీకు ఏమవుతారో, ఏ వూరివారో, పెద్దలు చెప్పగా విన్నది ఏమిటో కూడా తెలుగులో, ఇంటిపేరుతో సహా దాని కింద రాయండి. ఇంటిపేరు అంచు మీద లేదు కదా. అది మీకు మాత్రమే తెలుసు. ఆ కాగితం మడిచి పతకంతోపాటు వుంచండి. రేపు మీ మనుమడు ఆ పెట్టె తెరిచినప్పుడు, వాడి చేతికి వెండి బిళ్ళ ఒక్కటే కాదు, ముత్తాత కూడా దొరుకుతాడు.